సముద్రం మేడం, పదకొండు వేల బేరం

నిన్న మధ్యాహ్నం ఒక కాలేజీ అటెండరు, చచ్చిన జీవాల్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ కోసం ఖమ్మంలోని మా ల్యాబు సామాను దుకాణానికి వచ్చాడు. డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూద్దామని కొద్దిగా తిప్పాను. అంతే, ముక్కులో సూది దించినట్టయి కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. అటెండరు నవ్వాడు. "ఇన్నేండ్ల సంది అమ్ముతున్నరు, ఇంకా అలవాటు కాలేదా సార్?" అన్నాడు. అలవాటు కాలేదు. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నా జీవితంలోకెల్లా గొప్ప బేరం గుర్తొస్తుంది. గొప్ప అంటే ఊరికే అనడం లేదు. ఒకే మధ్యాహ్నం, ఒకే సేటు దగ్గర, రెండు టీలు తాగే లోపల పదకొండు వేల రూపాయలు మిగిల్చినవాణ్ణి నేను. మా నాన్న ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఒక్క బేరం మీద అంత మిగల్చలేదు. కాకపోతే ఆ పదకొండు వేల దెబ్బకు, సముద్రపు ఒడ్డు నుంచి భద్రాచలం అడవి దాకా వచ్చిన ఒక మనిషి ఏడాది కష్టంలో పావు వంతు కరిగిపోయింది. కరిగిపోవడం కూడా మాటవరసకు అన్నది కాదు. నిజంగానే కరిగింది, సీసాల్లో, మూడు నెలల పాటు, నేను వారం వారం మూతలు బిగించి మురిసిపోతూ ఉండగా.

ఆ మనిషి పేరు సుభద్ర. కాగితాల మీద డాక్టర్ సుభద్ర అని ఉండేది. ఊళ్లో అందరికీ సముద్రం మేడం.

అప్పట్లో మాది భద్రాచలంలో కిరాణా దుకాణం. నేను పుట్టి పెరిగింది బస్తాల మధ్యే. బీకాం పాసై, ఉద్యోగం వెతుకుతున్నానని ఇంట్లో చెబుతూ, నిజానికి గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని గిరాకీలతో బేరాలాడుతూ పొద్దు పుచ్చే రోజులవి. ఒక ఉదయం సన్నగా, పొడుగ్గా, నూలు చీర కట్టుకుని, కాళ్లకు మగవాళ్ల రబ్బరు చెప్పులు వేసుకున్న ఒకావిడ వచ్చి, మూత గట్టిగా పట్టే గాజు సీసాలు యాభై కావాలంది. మా నాన్న ఆశ్చర్యపోయాడు. "ఇంకా మామిడికాయే రాలేదు కదమ్మా. యాభై సీసాలల్ల ఏం పెడతరు?" అన్నాడు.

"చేప తలకాయలండీ," అందావిడ.

నాన్న చేతిలోని పెన్సిలు ఆగిపోయింది. అయినా వ్యాపారి కాబట్టి తేరుకుని, అసలు ధరకు ఒకటిన్నర రెట్లు చెప్పాడు. ఆవిడ మారుమాట్లాడకుండా పర్సు తీసింది. బేరమాడని గిరాకీ అంటే మా నాన్నకు భయం. ఎదుటివాళ్లు గొణిగి, గునిసి, నాలుగడుగులు వెళ్లి వెనక్కి వస్తే తప్ప అమ్మినట్టే ఉండదు ఆయనకు. "సరే తియ్యండి, సీసాకు పది తగ్గిస్త," అన్నాడు తనంతట తానే.

"ఎందుకండీ?" అందావిడ. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాన్న నా వైపు చూశాడు. నేను త్రాసు వైపు చూశాను. ఆవిడ కాసేపు ఓపికగా నిలబడి, ఇక చెప్పేలా లేరని అర్థమై, ఈ చుట్టుపక్కల ఊళ్లు తెలిసి, లెక్కలు రాయగల మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నాన్న గడ్డంతో నన్ను చూపించాడు. "వీడున్నడు, శేషు. లెక్కలొస్తయి. నోరు ఎక్కువ." అలా నాకు ఉద్యోగం వచ్చింది.

తీరంలో ఆవిడ పనిచేసే ఒక సముద్ర జీవశాస్త్ర పరిశోధనశాలకు ఏడాదిపాటు మా దగ్గర ఒక కేంద్రం పెట్టడానికి డబ్బు మంజూరైంది. పర్ణశాల వెళ్లే దారిలో, గోదావరికి దగ్గరగా ఒక రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. కిరాయి బేరం నాదే. 'సముద్ర జీవ పరిశోధన కేంద్రం' అని బోర్డు పెట్టిన మొదటి వారంలోనే పర్ణశాలకు పోయే యాత్రికుల జీపు ఒకటి మా గేటు ముందు ఆగి, "వారధి కట్టిన సముద్రం ఇక్కడ్నేనా?" అని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మేడం మాత్రం బయటికొచ్చి, వాళ్లకు మంచినీళ్లిచ్చి, పావుగంట సేపు పాము చేప గురించి చెప్పింది. చూడటానికి పాములా ఉండే మలుగు చేపనే మావైపు పాము చేప అంటారు. అది మా అడవి వాగుల్లో రాళ్ల కింద ఏళ్లకేళ్లు బతుకుతుంది. గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు మాత్రం వాగు దిగి, గోదావరి పట్టుకుని, సముద్రంలోకి వెళ్లిపోయి అక్కడే పిల్లల్ని కని చనిపోతుంది. ఆ పిల్లలు, వేలెడంతవి, మళ్లీ నది పట్టుకుని ఇంత దూరం ఎగబాకి వస్తాయి. "మరి దారిలో ఆనకట్టలున్నాయి కదా," అని మేడమే తనకు తాను ప్రశ్న వేసుకుంది. "ఇప్పటికీ పిల్లలు వస్తున్నాయా, లేక ఎప్పుడో వచ్చిన ముసలివే ఈ వాగుల్లో మిగిలాయా? ముసలివే అయితే అవి పోయాక ఇక లేవు. అది తెలుసుకుందామనే వచ్చాను." జీపులో ఒక ముసలాయన చేతులు జోడించాడు. చేపకో, మేడానికో నాకు తెలియలేదు.

ఆమెకు తెలుసుకోవాల్సింది అదొక్కటే. నాకు మాత్రం తెలిసింది ఇంకొకటి: డబ్బు రెండు విడతలు. మొదటిది వచ్చేసింది. రెండోది ఆరు నెలల నివేదిక పంపాక వస్తుంది. ఆ రెండో విడత సరిగ్గా వస్తే, రెండో ఏడాదికి కూడా మంజూరవుతుందని ఆశ. రెండో ఏడాది అంటే నాకు రెండో ఏడాది జీతం. కాబట్టి ప్రతి రూపాయినీ సాగదీయడం నా ధర్మం అనుకున్నాను. ఐసు సోడా దుకాణంలో సగం ధరకు తెచ్చాను. ఆటోకు బదులు పాల వ్యాను ఎక్కాను. వెదురు బుట్టలకు ఊరూరా తిరిగి మూడు రూపాయల తేడా పట్టుకున్నాను. మేడం ఏదీ కాదనేది కాదు, కానీ మెచ్చుకునేదీ కాదు. ఆమె పొదుపు వేరు. పెన్సిలు గోరంత అయ్యేదాకా రాసేది. వాగులో మోకాలి లోతు నీళ్లలో తానే దిగేది. యాభై అయిదేళ్ల మనిషి జారిపడితే నా మీదికి వస్తుందని నేను గట్టు మీద నుంచి అరుస్తుంటే, "నువ్వు అరవకు, చేపలు బేరానికి రావు," అనేది.

ఒకసారి మూడు రోజులు వరసగా ఉచ్చులన్నీ ఖాళీగా వచ్చాయి. రిజిస్టరులో ఆ మూడు రోజులూ నేను ఖాళీ వదిలేశాను. సరుకు రాని రోజు సరుకు రిజిస్టరులో ఏం రాస్తాం? మేడం పేజీ తిప్పుతూ ఆగింది. "ఇదేంటి శేషూ?"

"ఏం దొరకలే గద మేడం."

"ఖాళీగా వదిలేస్తే మనం వెళ్లలేదనుకుంటారు. వెళ్లాం, తడిశాం, దొరకలేదు. అది రాయాలి."

"దొరకలేదని రాస్తే పైసలిచ్చేటోళ్లు ఏమనుకుంటరు?"

"దొరకలేదనుకుంటారు," అంది. నాకు నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి వ్యాపారం బొత్తిగా తెలియని మనిషి అని జాలి కూడా పడ్డాను. అయినా జీతమిచ్చే మనిషి చెప్పింది కాబట్టి మూడు గడుల్లో మూడుసార్లు 'దొరకలేదు' అని రాశాను. రాస్తుంటే నా చేతిరాత నాకే ఏదోలా కనిపించింది, బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినట్టు.

జూన్ ఆఖరులో మేడానికి తీరంలోని పెద్ద ల్యాబులో పని పడింది. వానాకాలమంతా అక్కడే ఉండాలి. వాగులు నిండే రోజులే పాము చేపలు దిగే రోజులు, పిల్లలు ఎక్కే రోజులు కూడాను. ఆ మూడు నెలలు ఇక్కడ పని ఆగకూడదు. "వారం వారం ఊళ్లకు వెళ్లి చేపలు కొను. తల కోసి సీసాలో వేసి, తేదీ, వాగు పేరు రాసిన చీటీ అంటించు. నేనొచ్చాక చూస్తాను," అని చెప్పి, ఒక కాగితం మీద కొనాల్సినవి రాసిచ్చింది. అందులో రెండో వరుసలో ఉంది: స్పిరిట్, యాభై లీటర్లు. తలలు చెడకుండా సీసాల్లో పోయడానికి మొదట తీరం నుంచి తెచ్చుకున్న స్పిరిట్ అయిపోవస్తోంది.

స్పిరిట్‌కు ఎక్సైజ్ వాళ్ల పర్మిట్ కావాలి. రెండుసార్లు తిరిగాను, మళ్లీ రమ్మన్నారు. అటు వాగుల్లో నీళ్లు పెరుగుతున్నాయి. ఖమ్మం వెళ్లి, ల్యాబు సామాను అమ్మే ఒక సేటు దగ్గర కూర్చున్నాను.

"స్పిరిట్ దేనికి?" అన్నాడు సేటు.

"చేప తలకాయలకు."

"చేపలకు స్పిరిట్ ఏందయ్యా? అందరు ఫార్మలినే తీస్కపోతరు. కాలేజీలల్ల పాములు, కప్పలు ఏండ్లకేండ్లు గిందులనే ఉంటయి. పర్మిట్ లేదు, లొల్లి లేదు. రేటు మూడో వంతు." మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. కళ్లు మండిపోయాయి. మా దుకాణంలో నాన్న ఇంగువ కొనే తీరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. డబ్బా తెరిచి వాసన చూసేవాడు, కళ్లు చెమరిస్తే అసలు సరుకు, లేకపోతే గోధుమపిండి. స్పిరిట్ వాసన నాకు తెలుసు, దవాఖానాలో సూదికి ముందు రాసే దూదిలా పలచగా, చల్లగా ఉంటుంది. దీని ఘాటు ముందు అదెంత? ఇదే అసలు సరుకని నా ముక్కు తేల్చేసింది. ఇక మిగిలింది బేరం. లేచి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను. సేటు రెండుసార్లు పిలిచి టీ తెప్పించాడు. పర్మిట్ ఖర్చు, ఆటో ఖర్చు, రేటు తేడా అంతా కలిపితే పదకొండు వేలు మిగిలాయి. బస్సులోంచే మేడానికి మెసేజ్ పెట్టాను: 'సరుకు వచ్చింది. 11 వేలు ఆదా చేసిన.' కాసేపటికి జవాబొచ్చింది: 'చాలా సంతోషం.' ఆ ఏడాదిలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. ఆ మెసేజ్ మా నాన్నకు కూడా చూపించాను.

అక్టోబరులో మేడం తిరిగొచ్చింది. సంచి కూడా దించకుండా పై అంతస్తుకు ఎక్కి, గది గుమ్మంలోనే నిలబడిపోయింది. "కిటికీలు తెరువు," అంది. తెరిచాను. అల్మారాలో వరసగా నలభై ఒక్క సీసాలు, నా చేతిరాతతో చీటీలు, ఒక్క మూత వదులు లేదు. పెళ్లిపందిరి చూపించినట్టు చూపించాను. ఆమె ఒక సీసా తెరిచి, తలను పళ్లెంలో పెట్టి, సన్నటి కత్తెరతో కోసి, పట్టకారుతో లోపల వెతికింది. ఇంకో సీసా. ఇంకోటి. ఆరోది తెరిచాక కుర్చీలో కూర్చుంది.

"శేషూ, ఇటు రా. వీటిలో ఏం పోశావు?"

చెప్పాను. బేరం సంగతితో సహా చెప్పాను, అప్పటికి ఇంకా గర్వంగానే.

ఆమె లేచి, మార్చి నెల సీసా ఒకటి తెచ్చింది. అందులోని తలను కోసి, చెవి దగ్గర నుంచి బియ్యపు నూకంత తెల్లటి రాయిని తీసి నల్లగుడ్డ మీద పెట్టింది. దాని పక్కనే ఆగస్టు తలలోంచి తీసింది పెట్టింది. అది రాయి కాదు. తడిసిన సుద్దముక్కను వేలితో రాసిన మరక. "చేప చెవిలో ఈ రాయి ఉంటుంది. చెట్టు మానులో ఉన్నట్టే ఇందులోనూ ఏడాదికో వలయం. అవి లెక్కపెడితేనే దాని వయసు తెలుస్తుంది. ఒడ్డూ పొడుగూ చూసి చెప్పలేం, తిండి లేని వాగులో ఎన్నేళ్లయినా సన్నగానే ఉంటుంది. ఫార్మలిన్ మాంసాన్ని కాపాడుతుంది, కానీ రాను రాను పులిసి ఈ రాయిని తినేస్తుంది. మనకు కావలసింది తల కాదు శేషూ, ఈ రాయి."

నల్లగుడ్డ మీది మరకను చూస్తూ నిలబడ్డాను. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకూ ఏదో ఒకటి అనడానికి వీలుండేది. నివేదిక గడువు పది రోజుల్లో ఉంది. పిల్లలు ఎక్కి వచ్చే వానాకాలం లెక్కే లేకపోతే రెండో విడత ఎవరిస్తారు?

అప్పుడు నాలోని దుకాణదారు లేచాడు. మా బజారులో వ్యాపారం చేసేవాళ్లకు గోదావరి ఒక వెసులుబాటు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే చాలు, పురుగు పట్టిన కందిపప్పు, గడువు దాటిన బిస్కెట్లు, ఎలుకలు కొట్టిన బస్తాలు అన్నీ ఒక్కసారే తడిసిపోతాయి. నీళ్లు ఎక్కని అటక మీది సరుకు కూడా కాగితం మీద తడుస్తుంది. ఎవరూ అబద్ధం అనుకోరు. అది వరద ఖాతా, అంతే. ఆ ఆగస్టులో గోదావరి వచ్చింది కూడా.

"మేడం, గోదారి మీద రాద్దాం," అన్నాను. "వరదొచ్చింది, సీసాలు పోయినయి. పేపర్లల్ల ఫోటోలు సుత పడ్డయి. ఎవ్వలు అడగరు."

"నీళ్లు మనింటికి వచ్చాయా?"

"వచ్చినయి మేడం. కింద రెండు మెట్లెక్కినయి."

"సీసాలు ఎన్నో మెట్టు మీద ఉన్నాయి?"

 సీసాలు ఉన్నది పై అంతస్తులో అని ఇద్దరికీ తెలుసు.

"రేపు ఇంకెవరో వచ్చి ఈ నదిని చదువుతారు," అందామె. "ఆ ఏడాది వానాకాలం లెక్క ఎందుకు లేదని చూస్తే వరద అని ఉంటుంది. నమ్ముతారు. తర్వాత వాళ్లు కూడా తలలు ఫార్మలిన్‌లోనే వేస్తారు." కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. రాశాక నాకిచ్చి చదవమంది. నలభై ఒక్క నమూనాలు తప్పు ద్రావణంలో నిల్వ చేయడం వల్ల పనికిరాకుండా పోయాయని ఉంది. ద్రావణం మార్చినది కేంద్రం సిబ్బంది అని ఉంది. దాని కిందే ఇంకో వాక్యం: ఏ ద్రావణం ఎందుకు వాడాలో సిబ్బందికి చెప్పనిది, ఖర్చు అంత తగ్గిందని తెలిసి కూడా కారణం అడగనిది ప్రాజెక్టు బాధ్యురాలు.

"ఇది ఎందుకు మేడం? మీ పేరుకు మచ్చ. కొన్నది నేను గద."

"సీసాకు పది రూపాయలు తగ్గిస్తే మీ నాన్నను ఎందుకని అడిగాను. పదకొండు వేలు తగ్గితే నిన్ను అడగలేదు. సంతోషం అన్నాను. రెండూ జరిగాయి కాబట్టి రెండూ రాయాలి."

ఉద్యోగం మానేస్తానన్నాను. "నువ్వు పోతే ఆ మిగిలిన పదకొండు వేలు ఎక్కడున్నాయో నాకెవరు చెప్తారు? కూర్చో," అంది. మా నాన్నకు సంగతంతా చెబితే ఆయన త్రాసు ఆపి, "గోదారి ఉండంగ నష్టం ఎవలన్న నెత్తిన పెట్టుకుంటరా? పిచ్చిదా ఆమె?" అన్నాడు. మళ్లీ త్రాసు అందుకుని, "నీ జీతం ఇస్తదా?" అని అడిగాడు. ఇస్తుందన్నాను. "అయితే ఉండు. గసుంటి మనిషి దగ్గర ఎప్పుడూ ఎవలు ఉండలే మన ఇంట్ల," అన్నాడు. అది మెప్పో జాలో నేను అడగలేదు.

రెండో విడతలో సగమే వచ్చింది. నివేదిక నిజాయితీని మెచ్చుకుంటున్నామని, రెండో ఏడాది ప్రతిపాదనను పరిశీలించలేమని ఒకే ఉత్తరంలో రాశారు. మిగిలింది అయిదు నెలలు, సగం డబ్బు. చేపల్ని మొత్తంగా కొనే తాహతు పోయింది. ఆ రాయి సంగతి తెలిశాక నాకు ఒక ఉపాయం తట్టింది. తల ఒక్కటే కావలసినప్పుడు మాంసానికి డబ్బు ఎందుకు కట్టాలి? మేడాన్ని వెంటబెట్టుకుని పర్ణశాల అవతల వాగు పైన ఉన్న కోయ గూడేనికి వెళ్లాను. అక్కడ చేపలు పట్టే ఇళ్లకు పెద్దదిక్కు ముత్తమ్మ. మొదటి నుంచీ మాకు చేపలమ్మింది ఆమే.

"అక్కా, ఇగ మొత్తం చేప కొనం. మాంసం మీరే వండుకోండ్రి. తలకాయ ఒక్కటి ఇస్తే చాలు, ఇరవై రూపాయలిస్త," అన్నాను, ఏదో దానం చేస్తున్నట్టు.

ముత్తమ్మ పక్కనున్న ఆడవాళ్లతో తమ మాటల్లో ఏదో అంది. అందరూ పగలబడి నవ్వారు. "పులుసుల తలకాయ లేకుంటే ఏముంటదయ్యా? నీళ్లుంటయి," అంది నా వైపు తిరిగి.

"ముప్పై."

"పైసల ముచ్చట తర్వాత. ఎండకాలం తీస్కపోతిరి, వానకాలం తీస్కపోతిరి. తీస్కపోయి ఏం జూస్తున్నరో ఒక్కలన్న చెప్పిండ్రా? గా మేడం ఏం జూస్తదో, ఏం గనిపిచ్చిందో మాకు వచ్చి చెప్పాలె. చెప్తమంటే ఇస్త."

"తప్పకుండా చెప్తామమ్మా," అంది మేడం వెంటనే.

"ఇంకేం, ఉత్తగనే ఇస్తవన్నట్టు," అన్నాను నేను ఆశగా.

"ఉత్తగ ఎందుకిస్త? ముప్పై గూడ ఇయ్యాలె."

దారంతా మేడం నవ్వుతూనే ఉంది. "ఇన్నాళ్లకు నిన్ను మించినవాళ్లు దొరికారు శేషూ," అంది. ఆ నష్టం జరిగాక ఆమె నవ్వడం అదే మొదలు. ముప్పై రూపాయలూ ఆమె జేబులోంచే పోతాయని తెలిసినా, నాకూ హాయిగా అనిపించింది. ఆ నెలలోనే పర్మిట్ వచ్చింది. ఈసారి స్పిరిట్ కొనేటప్పుడు సేటు రేటు తగ్గిస్తానంటే, ఎందుకు తగ్గిస్తున్నావని అడిగాను. సేటు నన్ను ఎగాదిగా చూశాడు.

చలికాలమంతా తలలు వచ్చాయి. మేడం రాయి తీసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి వలయాలు లెక్కపెట్టేది. నేను పక్కన కూర్చుని అంకెలు రాసేవాణ్ణి. పన్నెండు, పదిహేను, పదకొండు. అన్నీ ముసలివే.  జనవరి ఆఖరులో ఒక పొద్దున ఆమె అంకె చెప్పకుండా ఆగిపోయింది. మళ్లీ చూసింది. "ఇటు రా, నువ్వు లెక్కపెట్టు," అంది. కంటికి ఆనించి చూశాను. రెండే వలయాలు. ఫిబ్రవరిలోగా అలాంటివి ఇంకో రెండు దొరికాయి. మొత్తం మూడు. అంటే రెండేళ్ల కిందట కూడా వేలెడంత ప్రాణులు సముద్రం వదిలి, ఆనకట్టల పక్కన తడిగోడలు పాక్కుంటూ, మా అడవిలోకి ఎక్కి వచ్చాయి. మేడం కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. నేను కిందికి వెళ్లి టీ పెట్టాను. అంతకుమించి ఏం చేయాలో తోచలేదు.

మాట ప్రకారం ముత్తమ్మకు చెప్పడానికి వెళ్లాం. మేడం ఆ మూడు రాళ్లనూ భూతద్దం కింద అందరికీ చూపించింది. సముద్రం నుంచి పిల్లలు ఇంకా వాళ్ల వాగుకు వస్తున్నాయని చెప్పింది. ముత్తమ్మ భూతద్దంలోంచి చాలాసేపు చూసి తలెత్తింది.

"అవ్, వస్తున్నయి, సరే. ఎన్ని వస్తున్నయి? మా అత్త కాలంల గంపలు నిండేటియంట. ఇప్పుడు ఎన్ని?"

"అది చెప్పలేమమ్మా," అంది మేడం. "వానాకాలం చేపల వయసు లెక్క మా దగ్గర లేదు."

"ఎందుకు లేదు? వానకాలంల కూడ ఇస్తిమి గద తలకాయలు?"

 మేడం నా వైపు చూడకుండా భూతద్దాన్ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. ఆమె చెప్పదని నాకు అర్థమైంది. కాగితంలో తన వంతు తాను రాసేసింది. ఇక్కడ చెప్పాల్సింది నేను. గోదావరి అని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ వరద వాళ్లూ చూశారు. నోటి దాకా వచ్చింది కూడా.

"నేనే ఖరాబు చేసిన అక్కా," అన్నాను. "తక్కువకు వస్తదని వేరే మందు కొని పోసిన. రాళ్లన్నీ కరిగిపోయినయి."

"ఎంత మిగిలింది?"

"పదకొండు వేలు."

ముత్తమ్మ ఆ మాటను తన వాళ్లకు వాళ్ల భాషలో చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "అయితే మల్ల వానకాలం రారి. మల్ల ఇస్తం," అంది.

"రాలేమక్కా. పైసలు అయిపోయినయి."

"గట్లనా," అని ఆమె లోపలికి వెళ్లి, టేకాకులో చుట్టిన తల ఒకటి తెచ్చి మేడం చేతిలో పెట్టింది. "పొద్దున పడ్డది. చెప్తమన్నరు, వచ్చి చెప్పిండ్రు. తీస్కపోండ్రి." తర్వాత నా వైపు చెయ్యి చాచింది. "ముప్పై రూపాయలు."

మార్చిలో కేంద్రం మూసేశాం. బోర్డు దించింది నేనే. మేడం తీరానికి వెళ్లిపోయి, రెండేళ్లకు రిటైరై, పోయిన ఏడాది చనిపోయింది. నేను ఖమ్మంలో ఈ దుకాణం పెట్టుకున్నాను. ఎవరొచ్చి ఏది అడిగినా దేనికని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, నీకెందుకని పక్క దుకాణానికి పోతారు. నిన్నటి అటెండరును కూడా అడిగాను. కప్పలకన్నాడు, ఇచ్చాను. చేపలకని ఉంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, బేరం పోగొట్టుకునేవాణ్ణే. మంచి పొగరుతో మొదలైన నా బేరగాడి జీవితంలో మిగిలిన అలవాటు ఇదీ. దీనికి ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్క రాయలేదు.

ఆ ఏడాది లెక్క మాత్రం రాయగలను. మిగిల్చింది పదకొండు వేలు. పోయినవి రెండో విడతలో సగం, రెండో ఏడాది మొత్తం, ఊరికే చచ్చిపోయిన నలభై ఒక్క చేపలు. మేడం చివరి నివేదిక ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. ఆఖరి పేజీలో రెండే వాక్యాలు. ఈ వాగులకు సముద్రం నుంచి పిల్లలు ఇంకా వస్తున్నాయి. ఎన్ని వస్తున్నాయో చెప్పలేం. మొదటి వాక్యం ఆమె సంపాదన. రెండో వాక్యం నా ఖర్చు. ఆమె ఉండి ఉంటే అందులో సగం తనదని పెన్సిలుతో దిద్దేది. దిద్దనివ్వను. అది మొత్తం నాదే.